కథల బొమ్మల రోజుకు ముందు చూసుకోవాల్సినవి

నవంబరు 14న బడిలో కథల బొమ్మల రోజు, అంటే పిల్లలు విన్న కథకు బొమ్మలు గీసే రోజు, పెట్టాలనుకుంటే ముందు ఆకాశం సంగతి చూసుకోండి. నెల్లూరు జిల్లాలో అది ఈశాన్య రుతుపవనాల కాలం. చెట్టు కింద, వరండాలో కూర్చోబెట్టే ఆలోచన వద్దు. గదిలోనే చాపలు పరిచి, కాగితాలు ఎగరకుండా అట్టలు, క్లిప్పులు సిద్ధం చేసుకోండి.

కథ ముందు రోజే చెప్పేయండి. ఏడు చేపల కథ అయితే తీరం పిల్లలకు వివరించే పనే లేదు. ఇసుకలో చేపలు ఎండబెట్టడం వాళ్లు చూస్తూ పెరిగినదే. చెప్పేటప్పుడు పుస్తకంలో బొమ్మ చూపించకండి, బోర్డు మీద నమూనా గీయకండి. గీస్తే 30 కాగితాల్లోనూ ఒకటే చేప వస్తుంది. చీమను ఆవుకన్నా పెద్దగా వేసినా సరే, బిడ్డ కాగితం మీద మీ పెన్సిల్ పెట్టొద్దు. అన్నిటికంటే ఇదే ముఖ్యమని నా నమ్మకం.

- రంగులు లేని పిల్లలెవరో ముందే కనుక్కోండి, అందరి ముందూ అడగొద్దు. నలుగురి మధ్య ఒక డబ్బా పెడితే తేడా కనిపించదు.
- ఒకటి, రెండు తరగతులకు క్రేయాన్లే ఇవ్వండి. స్కెచ్ పెన్ మూతలు నోట్లో పెట్టుకుంటారు, గొంతులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది.
- పెన్సిళ్లు మీరే చెక్కి ఉంచండి. బ్లేడు గదిలోకే రాకూడదు.
- మధ్యాహ్న భోజనానికి ముందు కాగితాలు తీసేసి, సబ్బుతో చేతులు కడిగించండి.
- కాగితం వెనక పేరు, తరగతి.

బొమ్మలు వేలాడదీయడానికి పురికొస ముందే కట్టుకోండి. ఏ ఒక్కరి బొమ్మా మిగిలిపోకుండా హాజరు పట్టీతో సరిచూసుకోండి.