డాబా మీద తొట్టిలో తాబేలు: కొనేముందు, కొన్నాక

ముందు మీ చేతికొచ్చింది ఏ తాబేలో చూడండి. వీపు మీద నల్లటి డిప్పపై పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉంటే అది నక్షత్ర తాబేలు, శ్రీకూర్మం గుడిలో చూసే ఉంటారు. దాన్ని ఇంట్లో పెంచకూడదు. చెరువుల్లో, పొలం గట్ల మీద దొరికే మన నీటి తాబేలు సంగతీ అంతే. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో రెండూ మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి, కేసయితే 3 నుంచి 7 ఏళ్ల దాకా జైలు. కూర్మావతారం, ఇంటికి మంచిదని ఎవరైనా తెచ్చిచ్చినా తీసుకోకండి, అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేసి అప్పగించేయండి.

ఇక మిగిలింది అక్వేరియం షాపుల్లో అమ్మే, చెవి దగ్గర ఎర్ర చారుండే రెడ్ ఇయర్డ్ స్లైడర్. దీని సొంతూరు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. నేను శ్రీకాకుళంలో కొన్నప్పుడు పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉంది. ప్లాస్టిక్ కొబ్బరిచెట్టున్న చిన్న డబ్బా, ఒక ఎండు రొయ్యల సీసా చేతిలో పెట్టి 'ఇంతే సార్, ఇంకేం అక్కర్లేదు' అన్నాడు షాపతను. నమ్మేశాను. మూడు నెలలకి కళ్లు వాచి మూసుకుపోయాయి, బొటనవేలితో డిప్ప అంచు మెల్లగా నొక్కితే నానిన అట్టముక్కలా లోపలికి పోయింది. అది కాల్షియం, ఎండ లేక వచ్చిన మెత్తదనం. కళ్ల వాపు చాలాసార్లు విటమిన్ ఏ తక్కువై వస్తుంది, ఉత్త రొయ్యలే పెడితే ఇలాగే అవుతుంది.

అందుకే అన్నిటికంటే ముందు ఎండ. అది ఒంటికి తగిలితేనే తిన్న కాల్షియం డిప్పకీ ఎముకలకీ పడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దండగ, అవసరమైన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. మనకి డాబా మీద కావలసినంత ఎండ ఊరికే వస్తుంటే ఆ కిరణాలిచ్చే యూవీబీ లైటుకి వేలు పొయ్యడం ఎందుకు? లైటు వాడేవాళ్లయితే వెలుగుతూనే ఉన్నా ఏడాదికోసారి మార్చాలి, వెలుగు కనిపిస్తుంది కానీ పస తగ్గిపోతుంది. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది మధ్య అరగంటో గంటో తొట్టిని డాబా మీద పెట్టండి, సగానికి నీడ ఉండాలి, వేడెక్కితే అది తప్పుకోవాలి కదా. గాజు ట్యాంకుని మాత్రం ఎండలో పెట్టొద్దు, లోపల ఉడికిపోతుంది. పైన వల తప్పనిసరి. మా దాన్ని ఒకసారి కాకి కాలు పట్టి లాగుతుంటే చూశాను, అప్పట్నుంచి వల లేకుండా ఒక్క నిమిషం వదల్లేదు.

తొట్టి విషయానికొస్తే, ఆడదైతే 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతుకుతుంది, అంటే మీ పిల్లాడి పెళ్లికి కూడా ఇంట్లోనే ఉండొచ్చు. డిప్ప ప్రతి అంగుళానికీ దాదాపు 40 లీటర్ల నీళ్లు లెక్కేసుకోండి. అంత గాజు ట్యాంకు కొనే బదులు పెద్ద సిమెంటు తొట్టి చవక. కొత్త తొట్టిలో నీళ్లు పోసి పారబోస్తూ రెండు మూడు వారాలు నానబెట్టాకే తాబేల్ని వదలండి. మధ్యలో ఎక్కి పూర్తిగా ఆరడానికి ఒక రాయో ఇటుకల మెట్టో ఉండాలి. మున్సిపాలిటీ నీళ్లయితే ఒకరోజు బకెట్లో ఉంచి పొయ్యండి, క్లోరిన్ పోతుంది.

తిండి నీళ్లలోనే వెయ్యాలి, బయట మింగలేదు. పిల్లకి రోజూ దాని తలకాయంత పెల్లెట్లు (షాపుల్లో అమ్మే తాబేలు మేత గుళికలు), పెద్దదానికి వారానికి రెండు మూడుసార్లు చాలు. మునగాకు రోజూ వెయ్యండి, పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. వానపాము దొరికితే పండగే. అన్నం, బ్రెడ్డు, ఉప్పు పట్టిన ఎండుచేపలు పెట్టకండి.

ఒక పక్కకి ఒరిగి తేలుతుంటే, ముక్కు నుంచి బుడగలొస్తుంటే ఊపిరితిత్తుల జబ్బు, ఇంటి వైద్యాలు చెయ్యకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుకుంటుంది. చిన్నపిల్లలకి ఇది వస్తోందనే అమెరికాలో 1975 నుంచి నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకమే ఆపేశారు. వంటింటి సింకులో దాని తొట్టి కడక్కండి, మా ఆవిడ చేత నేను తిన్న తిట్లు మీరు తినకండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కరెంటు పోయి ఫిల్టరు ఆగిపోతే ఏం చెయ్యాలో తెలీక టెన్షన్ పడ్డాను. చెయ్యాల్సింది చాలా చిన్నది: తిండి ఆపెయ్యడం, రోజూ సగం నీళ్లు మార్చడం. పెద్ద తాబేలు నాలుగైదు రోజులు తినకపోయినా ఏం కాదు, గాలి పీలుస్తుంది కాబట్టి చేపల్లా చచ్చిపోదు, మురికినీళ్ల వల్లే కళ్లూ డిప్పా పాడవుతాయి.

పెంచలేకపోతే నాగావళిలోనో ఊరి చెరువులోనో వదిలెయ్యొద్దు, మన తాబేళ్ల తిండీ చోటూ అది లాగేసుకుంటుంది. తొట్టి ఉన్న ఇంకో ఇల్లు వెతికి ఇవ్వండి, వెతకడానికి నెల పట్టినా సరే.