ఆగడానికి ఎంతసేపు పడుతుంది? స్టాప్ సిగ్నల్ ప్రయోగం చేసే పద్ధతి

బటన్ నొక్కితే ఎప్పుడు నొక్కారో తెలుస్తుంది. నొక్కబోయి ఆగిపోతే కొలవడానికి ఏమీ మిగలదు. ఆ కనిపించని సమయాన్ని రాబట్టే లెక్కను 1984లో లోగన్, కోవన్ అనే పరిశోధకులు ఇచ్చారు. కదలమనే ప్రక్రియ, ఆగమనే ప్రక్రియ మెదడులో పందెం పెట్టుకుని పరుగెడతాయి, ఏది ముందు చేరితే అదే జరుగుతుంది అన్నది వాళ్ల ఊహ.

ట్రయల్, అంటే ఒక్కో విడి ప్రయత్నం, చాలా మామూలుగా ఉంటుంది. తెర మధ్యలో 500 మిల్లీసెకన్లు ఒక చుక్క, తర్వాత ఎడమకో కుడికో చూపే బాణం. ఆ వైపు చూపుడు వేలితో బటన్ నొక్కాలి. గడువు 1500 మిల్లీసెకన్లు. 25 శాతం ట్రయల్స్‌లో మాత్రం బాణం వచ్చిన కాసేపటికి బీప్ వస్తుంది (ఇదే స్టాప్ సిగ్నల్), అప్పుడు నొక్కకుండా ఆగాలి. 300 ట్రయల్స్ పెడితే 75 బీప్‌వి అవుతాయి. ఇవి 50కి తగ్గితే అంచనా నమ్మదగ్గది కాదు. ప్రతి నాలుగోదానికీ బీప్ పెట్టకండి, వరస పట్టేస్తారు.

బాణానికీ బీప్‌కీ మధ్య ఎడం 200 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి. ఆగగలిగితే తర్వాతిసారి 50 పెంచండి, ఆగలేకపోతే 50 తగ్గించండి. ఇలా మెట్లెక్కుతూ దిగుతూ పోతే దాదాపు సగం సార్లు ఆగే చోటికి చేరుతుంది. బీప్ బదులు బాణం రంగు మార్చినా సరే. 60 హెర్ట్జ్ తెరలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు కాబట్టి 50 అంటే కచ్చితంగా మూడు ఫ్రేములు. శబ్దమే వాడితే, అది స్పీకర్ నుంచి నిజంగా ఎప్పుడు వస్తోందో మైకుతో కొలిచి చూసుకోవాలి. వైర్‌లెస్ కీబోర్డు వద్దు.

ఈ ప్రయోగాన్ని ఎక్కువగా చెడగొట్టేది యంత్రం కాదు, కాచుకుని కూర్చోవడం. బీప్ వస్తుందేమోనని వేలిని ఆపుకుంటే పందెమే ఉండదు. మెట్ల పద్ధతి దీన్ని కప్పేస్తుంది కూడా: మనిషి నెమ్మదించినకొద్దీ ఎడం పెరుగుతుంది, ఆగిన శాతం మాత్రం 50 దగ్గరే కనిపిస్తుంది. అందుకే 60 ట్రయల్స్‌కోసారి విరామమిచ్చి, బీప్ లేనప్పుడు నొక్కడానికి పట్టిన సగటు సమయం చూడండి. అది విడత విడతకూ పెరుగుతుంటే, 'వేగంగా నొక్కడమూ ఆగడమూ రెండూ సమానమే, కొన్నిసార్లు ఆగలేకపోవడం సహజం, బీప్ కోసం ఎదురుచూడకండి' అని మళ్లీ చెప్పండి. ఈ మాట మొదట్లో ఒక్కసారి చెబితే చాలదు.

ఇక లెక్క. బీప్ లేని 225 ట్రయల్స్ సమయాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. తప్పు బటన్ నొక్కినవి తీసేయకండి, అసలు నొక్కనివాటికి ఉన్నవాటిలో గరిష్ఠ సమయం వేయండి. 75 బీప్‌లలో 36 సార్లు నొక్కేశారనుకుందాం, అంటే 0.48. 225ను దానితో గుణిస్తే 108. పేర్చినదాంట్లో 108వ సమయం 470 (ఆగే ప్రక్రియ ముగిసింది ఇక్కడ), సగటు ఎడం 240 (అది మొదలైంది ఇక్కడ) అయితే, ఆగడానికి పట్టింది ఈ రెంటి తేడా, 230 మిల్లీసెకన్లు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల్లో సాధారణంగా 200–250 మధ్య వస్తుంది. సగటు సమయంలోంచి సగటు ఎడం తీసేసే అడ్డదారి పట్టకండి. కొన్ని ఆలస్యపు నొక్కులు సగటును పైకి లాగేస్తాయి, ఆగే సమయం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

అంకె వచ్చినంత మాత్రాన నమ్మేయకూడదు. బీప్ వచ్చినా ఆగలేక నొక్కిన సమయాల సగటు, మామూలు నొక్కుల సగటు కన్నా తక్కువ ఉండాలి, ఎందుకంటే పందెంలో గెలిచినవి వేగమైనవే. తిరగబడితే పందెం ఊహ చెల్లలేదన్నమాట, ఆ వ్యక్తికి అంకె ఇవ్వకండి. బీప్‌కి నొక్కిన నిష్పత్తి 0.25 – 0.75 దాటిపోయినా అంతే.

ఆగే పనిలో మెదడు పైపొర (కార్టెక్స్) ముందుభాగంలోని కుడివైపు ఇన్ఫీరియర్ ఫ్రంటల్ కార్టెక్స్, కదలికల ఏర్పాటు చూసే ప్రీ-ఎస్‌ఎంఏ, లోతున ఉన్న సబ్‌థాలమిక్ న్యూక్లియస్ పాల్గొంటాయి. కార్టెక్స్ నుంచి, మధ్యలోని స్ట్రయాటమ్ అనే భాగాన్ని దాటేసి, నేరుగా సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌కి వెళ్లే 'హైపర్‌డైరెక్ట్' దారి ఉంది. అయితే 230 అన్న అంకెను మెదడు ఆదేశం వెలువడిన క్షణంగా చదవొద్దు. చూపుడు వేలిని కదిలించే కండరం మీద, బొటనవేలికీ దానికీ మధ్య కండరంలోని విద్యుత్ చలనాన్ని కొలిచే ఈఎంజీ ఎలక్ట్రోడ్లు అంటిస్తే, సరిగ్గా ఆగిన కొన్ని ట్రయల్స్‌లోనూ కండరం ఒక చిన్న కదలిక మొదలుపెట్టి అణగిపోవడం కనిపిస్తుంది. ఆ అణగడం లెక్కలో వచ్చిన సమయం కన్నా ముందే మొదలవుతుంది.