బఫర్ పీహెచ్ కుదరడం లేదా? తప్పు ఎక్కడ వెతకాలి

బఫర్ అంటే కొంచెం ఆమ్లమో క్షారమో పడినా పీహెచ్ పెద్దగా మారని ద్రావణం. అది అనుకున్న పీహెచ్‌కి రాకపోతే చాలామంది వెంటనే సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేసేస్తారు. మీటరు మీద అంకె సరిపోతుంది కానీ అసలు తప్పు ద్రావణంలోనే ఉండిపోతుంది. బలహీన ఆమ్లానికీ దాని లవణానికీ మధ్య నిష్పత్తిని బట్టి పీహెచ్ వస్తుంది. రెండూ కలిపి మొత్తం ఎంత ఉందన్నదాన్ని బట్టి బఫర్ తట్టుకునే శక్తి ఉంటుంది. సమస్య ఏదైనా, ఈ రెండింటిలో ఏది దెబ్బతిందో ముందు తేల్చుకోవాలి.

సమస్య: ఎసిటేట్ బఫర్ పీహెచ్ 0.2 దాకా తక్కువ వచ్చింది

ముందు సోడియం ఎసిటేట్ సీసా లేబుల్ చదవండి. అన్‌హైడ్రస్ (నీరు లేని) రకం మోలార్ ద్రవ్యరాశి 82, ట్రైహైడ్రేట్‌ది (మూడు నీటి అణువులున్నది) 136. లీటరులో 0.1 మోల్ కావాలంటే మొదటిది 8.2 గ్రాములు, రెండోది 13.6 గ్రాములు తూచాలి. ట్రైహైడ్రేట్‌ను 8.2 గ్రాములే తూస్తే పడింది 0.06 మోల్ మాత్రమే. 0.1 మోల్ ఎసిటిక్ ఆమ్లం పక్కన అది చాలదు, అందుకే పీహెచ్ దిగింది.

మిగతా 5.4 గ్రాములు కరిగిస్తే సరిపోతుంది. కచ్చితమైన పనికైతే మళ్లీ కొత్తగా చేసుకోవడమే మేలు. ఇక్కడే సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిచేశారనుకోండి, 0.02 మోల్ ఆమ్లం లవణంగా మారి రెండూ 0.08 దగ్గర సమానమవుతాయి. పీహెచ్ చక్కగా కనిపిస్తుంది. కానీ 0.2 మోల్ ఉండాల్సిన బఫర్‌లో 0.16 మాత్రమే ఉంటుంది. అంటే శక్తిలో ఐదో వంతు పోయినట్టే, ఆ సంగతి మీటరు చెప్పదు.

డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్‌తో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దాని మోలార్ ద్రవ్యరాశి నీరు లేనిదైతే 142, రెండు నీటి అణువులున్నది 178, పన్నెండు ఉన్నది 358.

సమస్య: లెక్కలో 4.76, మీటరులో 4.65

ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ రెండూ 0.1 మోలార్ ఉన్న బఫర్‌కి 25 డిగ్రీల దగ్గర వచ్చేదే అంత. నిష్పత్తి నుంచి పీహెచ్ లెక్కగట్టే హెండర్సన్ సమీకరణంలో మనం గాఢతలు వేస్తాం, కానీ ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి. ఇది మీ తప్పు కాదు, టెన్షన్ పడకండి. తేడా అంతకంటే ఎక్కువుంటే, పీహెచ్ 4, 7 ప్రామాణిక బఫర్లతో మీటరును మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచే అలవాటుంటే మానుకోండి. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలి.

సమస్య: కొంచెం ఆమ్లం పడగానే పీహెచ్ కుప్పకూలింది

మొత్తం పదార్థం తక్కువగా ఉంది. రెండూ 0.1 మోల్ చొప్పున ఉన్న లీటరు బఫర్‌లో 0.01 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే పీహెచ్ 0.1 కూడా తగ్గదు. అదే 0.01 మోల్ చొప్పున ఉంటే ఎసిటేట్ అంతా ఖర్చయిపోయి పీహెచ్ 3.2 దగ్గరికి పడిపోతుంది. గాఢత పెంచండి. పీకేఏ అంటే లెక్క ప్రకారం ఆమ్లం, లవణం సమానంగా ఉన్నప్పుడు వచ్చే పీహెచ్, ఎసిటిక్ ఆమ్లానికి 4.76. దానికి ఒక యూనిట్ పైకీ కిందికీ మించి వెళ్లకండి. ఎసిటేట్‌తో పీహెచ్ 7 తేవాలంటే లవణం, ఆమ్లం దాదాపు 174కి 1 పాళ్లలో ఉండాలి. దాన్ని బఫర్ అనుకోలేం. 7 దగ్గర ఫాస్ఫేట్ వాడాలి, దాని రెండో పీకేఏ 7.2.

లవణం బదులు ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ వేసి చేసిన బఫర్ అసలు బఫర్‌గానే పనిచేయకపోతే, అది ఎంత వేశారో చూడండి. ఆమ్లంతో సమానంగా వేస్తే ఆమ్లమే మిగలదు, సగమే వేయాలి.

సమస్య: నీటి కాఠిన్యం టైట్రేషన్‌లో ఎండ్ పాయింట్ తేలడం లేదు

ఈ టైట్రేషన్‌లో నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కలుగా వేస్తాం. అది పూర్తవగానే ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే రంగు సూచిక వైన్ రెడ్ నుంచి నీలానికి తిరగాలి. మధ్యలో ఊదా రంగు దగ్గరే ఆగిపోతుంటే ముందు అమ్మోనియా బఫర్ సీసాను అనుమానించాలి. పీహెచ్ 10 కోసం అమ్మోనియా, అమ్మోనియం లవణం కంటే సుమారు 5.6 రెట్లు ఉండాలి, ఎందుకంటే అమ్మోనియం పీకేఏ 9.25. బ్యాచ్ తర్వాత బ్యాచ్ మూత తీస్తుంటే అమ్మోనియా గాలిలోకి పోతుంది, అమ్మోనియం క్లోరైడ్ అక్కడే ఉండిపోతుంది. నిష్పత్తి మారి పీహెచ్ దిగితే కాల్షియం, మెగ్నీషియంలను ఈడీటీఏ గట్టిగా పట్టుకోలేదు. అందుకే రంగు మెల్లగా జారుతుంది.

పాత బఫర్‌లో అమ్మోనియా పోసి సాగదీయకండి. 17.5 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్‌ను 142 మిల్లీలీటర్ల గాఢ అమ్మోనియాలో కలిపి, డిస్టిల్డ్ వాటర్‌తో 250 మిల్లీలీటర్లకు తెచ్చుకోండి. పని ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగే గదిలోనే) జరగాలి. చిన్న సీసాల్లో నింపి మూత బిగించి ఉంచండి.

బఫర్ కొత్తదైనా సమస్య తీరకపోతే నీటిని చూడండి. మన బోరు నీళ్లలో కాల్షియంతో పాటు బైకార్బొనేట్ కూడా బాగా ఉంటే, పీహెచ్ 10కి వెళ్లగానే కాల్షియం కార్బొనేట్ తెల్లగా దిగుతుంది. శాంపిల్‌ను పలచన చేసి, బఫర్ వేసిన ఐదు నిమిషాల్లో టైట్రేషన్ ముగించాలి. నీటిలో మెగ్నీషియం మరీ తక్కువైతే కూడా ఈ సూచిక సరిగా తిరగదు. అప్పుడు బఫర్‌లో కొంచెం మెగ్నీషియం ఈడీటీఏ లవణం కలుపుతారు.

సమస్య: ఫ్రిజ్‌లో పెట్టాక ట్రిస్ పీహెచ్ మారింది

ట్రిస్ బఫర్లలో వాడే బలహీన క్షారం. డిగ్రీకి సుమారు 0.028 చొప్పున దాని పీహెచ్ మారుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0 పెట్టినది 4 డిగ్రీలకు 8.6 దాకా ఎక్కుతుంది. ఏ ఉష్ణోగ్రతలో వాడతారో అక్కడే సరిచేయండి.

సమస్య: ఫాస్ఫేట్ బఫర్ అడుగున ఏదో పేరుకుంది

చలికి సోడియం ఫాస్ఫేట్ స్ఫటికాలు కట్టవచ్చు. గోరువెచ్చగా చేసి కలిపితే కరిగిపోతాయి. కరగకుండా దూది పోగుల్లా తేలుతుంటే అది బూజు. ఆ సీసా పారబోసి, కడిగి, కొత్తది చేయండి.