ఆర్వీ వాటర్ ఇన్‌లెట్ వాల్వ్ విప్పే ముందు జాగ్రత్తలు

ఆర్వీ అంటే ఇల్లులా వాడుకునే బండి; బయటి నీళ్ళ గొట్టం తగిలించే చోటే దాని వాటర్ ఇన్‌లెట్. ముందు లీకు ఎక్కడుందో తేల్చుకోండి. గొట్టం తగిలించినప్పుడు మాత్రమే జాయింటు దగ్గర కారుతుంటే, తప్పు చాలావరకు గొట్టంలోని రబ్బరు వాషర్‌దే. అది మారిస్తే చాలు. గొట్టం తీసేసి లోపలి పంపు వేసినప్పుడు ఇన్‌లెట్ నోట్లోంచి బొట్లు పడుతున్నాయా? అయితే ఇన్‌లెట్‌లోని చెక్ వాల్వ్ (నీళ్ళు వెనక్కి రాకుండా ఆపేది) పోయినట్టే.

• క్యాంప్‌గ్రౌండ్ కుళాయి కట్టేయండి, పంపు ఆపండి. తర్వాత వంటింటి కుళాయిలో చన్నీళ్ళు, వేణ్నీళ్ళు రెండూ తిప్పి, ధార పూర్తిగా ఆగేదాకా ఆగండి. దయచేసి ఈ పని మాత్రం వదలొద్దు. లోపల ప్రెషర్ ఉండగా వాల్వ్ మధ్యలో వేలితో నొక్కితే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి, లోపలి చిన్న ప్లాస్టిక్ ముక్క విరిగినా విరుగుతుంది.

• వాటర్ హీటర్ గ్యాస్, కరెంటు రెండూ ఆపాలి. ట్యాంకులో నీళ్ళు లేకుండా ఎలిమెంట్ వేడెక్కితే కాలిపోతుంది.

• బయటి కరెంటు కేబుల్ పీకేయండి. వాల్వ్ వెనక వైర్లు ఉండొచ్చు.

• వాల్వ్ వెనక చెక్కని బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగిందంటే తడి ఎప్పటినుంచో ఉన్నట్టు. అది ఆరకుండా కొత్త వాల్వ్ బిగించొద్దు.

• టెఫ్లాన్ టేపు, సీలెంట్, పాత గుడ్డలు, చిన్న బకెట్ దగ్గర పెట్టుకోండి. విప్పేముందు ఒక ఫోటో.

• ప్లాస్టిక్ మరలు మొదట చేత్తోనే ఎక్కించాలి. రెంచితో బలంగా బిగిస్తే చీలిపోతాయి.

• ప్రెషర్ రెగ్యులేటర్ (కుళాయి నీళ్ళ ఒత్తిడిని తగ్గించేది) లేకపోతే ఇప్పుడే కొనండి. సాధారణంగా 40–50 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) సరిపోతుంది.