మందుల చీటీ చేతికి రాగానే చూడాల్సినవి

గుంటూరు కొత్తపేటలో మెడికల్ రెప్‌గా, అంటే డాక్టర్లకి కంపెనీ మందుల గురించి చెప్పే ప్రతినిధిగా పనిచేసి రిటైరయ్యాను. బీపీకో షుగర్‌కో నెలనెలా మందులు కొనేవాళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి సలహా అడిగితే, ముందు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ తీసుకురమ్మంటాను.

ప్రతి స్ట్రిప్ మీదా రెండు పేర్లుంటాయి. ఒకటి కంపెనీ పెట్టుకున్న బ్రాండ్ పేరు. రెండోది అసలు మందు పేరు (జెనెరిక్ పేరు), ఉదాహరణకి 'టెల్మిసార్టాన్ టాబ్లెట్స్ ఐపీ 40 ఎంజీ'. ఈ రెండోది మోతాదుతో సహా కాగితం మీద రాసుకోండి. పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్ లాంటి అక్షరాలుంటే అవీ వదలొద్దు. అవి మందు మెల్లగా విడుదలయ్యే రకాలు, వాటి బదులు మామూలు బిళ్ల వేసుకోకూడదు.

ఒకే మందు, ఒకే మోతాదు, అయినా బ్రాండ్‌కో ధర ఎందుకు? మాలాంటి రెప్‌ల జీతాలు, శాంపిళ్లు, డాక్టర్ల కాన్ఫరెన్సులు, కానుకలు, ఇవన్నీ కంపెనీ ఖర్చులే. వీటిలో చాలా భాగం చివరికి రోగి జేబులోంచే వస్తుంది. డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు తీసుకోకూడదని 2009లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన పెట్టింది. 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు, ఈ కానుకల ఖర్చుకు పన్ను మినహాయింపు కుదరదని తీర్పిచ్చింది. ఆ ఖర్చు మందుల ధరల్లోనే కలుస్తుందని కూడా స్పష్టంగా చెప్పింది.

ఇక కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికే వెళ్లండి, మెడికల్ షాపుకి కాదు. చీటీలో రాసిన షెడ్యూల్ హెచ్ మందుకి (డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు) బదులు ఇంకో బ్రాండ్ ఇవ్వడానికి షాపువాళ్లకి చట్టం ఒప్పుకోదు. "సార్, నెలనెలా కొనాలంటే భారంగా ఉంది, జెనెరిక్ పేరుతో రాస్తారా?" అని అడగండి. మొహమాటపడాల్సిందేమీ లేదు. "వీటిలో తప్పనిసరిగా వాడాల్సినవి ఏవి?" అనీ అడగండి. విటమిన్ క్యాప్సూల్, గ్యాస్ బిళ్ల అవసరం తీరాక కూడా చీటీలో అలాగే కొనసాగుతుంటాయి.

థైరాయిడ్, ఫిట్స్, రక్తం పలచబడే మందుల విషయంలో మాత్రం ఖర్చు చూసి సొంతంగా బ్రాండ్ మార్చొద్దు. మోతాదులో చిన్న తేడా వచ్చినా ఇబ్బందే. మార్చాల్సి వస్తే డాక్టర్ చెప్పాలి, తర్వాత రక్త పరీక్ష అవసరమా అన్నదీ ఆయన్నే అడగాలి.

ధర పోల్చడానికి ఫోన్‌లో రెండు యాప్‌లు చాలు. జన ఔషధి సుగమ్‌లో దగ్గర్లోని జన ఔషధి కేంద్రం (ప్రభుత్వ పథకం కింద జెనెరిక్ మందులు తక్కువ ధరకి అమ్మే షాపు), అక్కడి ధర కనిపిస్తాయి. ఫార్మా సహీ దామ్‌లో బ్రాండ్ల ధరలు చూడొచ్చు. అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. మిగతావాటి ఎంఆర్‌పీని కంపెనీ ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు.

డిస్కౌంట్ బోర్డుల దగ్గర చాలామంది మోసపోవడం చూస్తుంటే నాకు బాధేస్తుంది. కొన్ని జెనెరిక్‌ల మీద కూడా ఎంఆర్‌పీ బాగా ఎక్కువగా ముద్రిస్తారు, దాని మీద సగం తగ్గించినా షాపుకి లాభమే. శాతం వదిలేసి, బిళ్ల ఒక్కింటికి ఎంత పడిందో లెక్కేయండి. బ్యాచ్ నంబర్‌తో బిల్లు తీసుకోండి. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ అడిగితే ఆ బిల్లుతోనే మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏకి ఫిర్యాదు చేయొచ్చు.