జెండా పండగ ప్రసంగం: రాసుకోవడం, సరిచూసుకోవడం, చెప్పడం

ఆగస్టు 15న బడిలో జెండా ఎగరేసే వేళకే పిల్లలు ప్రభాత భేరి తిరిగొచ్చి అలిసిపోయి ఉంటారు. నెల్లూరు, ఒంగోలు వైపు ఆ నెలలో పొద్దున ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటుంది. అందుకే ప్రసంగానికి ఐదు నిమిషాలు చాలు. తొందరపడకుండా చదివితే తెలుగులో నిమిషానికి 80, 90 మాటలు పడతాయి. అంటే మొత్తం 400 మాటలు. అంతకు మించి రాసుకున్నవాళ్లు చివర్లో పరుగెత్తుతారు, అసలు సంగతి ఆ పరుగులోనే పోతుంది.

ఝాన్సీ లక్ష్మీబాయి నుంచి మొదలుపెట్టి పదిహేను పేర్లు చదివితే ఒక్కటీ గుర్తుండదు. మన జిల్లాలో జరిగిన ఒక్క సంగతిని పట్టుకోండి. పత్రికలవాళ్లు వార్త రాసినట్టు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్న నాలుగూ అందులో ఉండాలి. నాలుగింటిలో ఒకటి దొరక్కపోతే ఆ సంగతి వదిలేసి ఇంకోటి ఎంచుకోండి.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. ఆ చుట్టుపక్కల బడులకు ఇంతకంటే మంచి విషయం లేదు, ఎందుకంటే పిల్లలు మర్నాడే వెళ్లి చూడొచ్చు. ప్రకాశం జిల్లాలోనైతే వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం పంతులుగారు ఎలాగూ ఉన్నారు. తుపాకీకి ఆయన రొమ్ము చూపింది 1928 ఫిబ్రవరి 3న, మద్రాసులో. బ్రిటిషువాళ్లు పంపిన సైమన్ కమిషన్ మద్రాసులో దిగిన రోజు అని చాలామంది చెప్పేస్తుంటారు. కమిషన్ ఆ రోజు దిగింది బొంబాయిలో, మద్రాసులో జరిగింది దానికి నిరసనగా హర్తాళ్. పంతులుగారు 1921లో మద్రాసు నుంచి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారన్నది వేదికల మీద పెద్దగా వినపడదు. తుపాకీ సంగతి అందరూ చెప్పేదే కాబట్టి పత్రిక గురించి చెబితే వినేవాళ్లు తల ఎత్తుతారు.

పొట్టి శ్రీరాములుగారి దగ్గర తప్పులు ఎక్కువ దొర్లుతాయి. 58 రోజుల దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచింది ఆంధ్ర రాష్ట్రం కోసం. అది స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ల తర్వాతి మాట. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వస్తే, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న వచ్చింది. రెండూ కలిపేయొద్దు. ఆగస్టు 15కి ఆయన్నే తీసుకోవాలనుకుంటే, హరిజనుల ప్రవేశం కోసం 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి విషయంలో చేసిన నిరాహారదీక్ష చెప్పండి.

ఇంకా వెనక్కి, 19వ శతాబ్దానికి వెళ్లాలనుకుంటే నెల్లూరువారు దంపూరు నరసయ్యగారు ఉన్నారు. ‘పీపుల్స్ ఫ్రెండ్’ అనే ఇంగ్లీషు పత్రిక నడిపిన తొలితరం పాత్రికేయులు. అయితే ఆ కాలపు మనిషి నోట ‘సంపూర్ణ స్వరాజ్యం’ పెట్టకండి. కాంగ్రెస్ పుట్టిందే 1885లో, అది సంపూర్ణ స్వరాజ్య తీర్మానం చేసింది 1929 డిసెంబరులో లాహోరులో. అప్పటి పత్రికలవాళ్ల దేశభక్తిని వాళ్లు రాసిన సంగతులతోనే చెప్పాలి. మనం కల్పించిన గర్జనలు వాళ్లకు అతకవు.

ఎన్నో స్వాతంత్ర్య దినోత్సవమో తేల్చడానికి సంవత్సరంలోంచి 1946 తీసేయండి. 2025 అయితే 79. గణతంత్ర దినోత్సవానికి 1949 తీసేయాలి, 2026 అయితే 77. ‘79 ఏళ్లు నిండాయి’ అనడం మాత్రం తప్పు, 2025లో నిండినవి 78. బ్యానరు మీద ఒక అంకె, మైకులో ఇంకో అంకె వినపడే గొడవంతా ఇక్కడిదే.

రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే ఊరి పేరు రావాలి. సంబోధనకు ‘వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం’ చాలు. సర్పంచిగారి నుంచి వార్డు మెంబరు దాకా పేరుపేరునా చదివితే నిమిషంన్నర అక్కడే ఖర్చు. పైగా ఒక్క పేరు తప్పినా మనస్పర్థ.

పల్చటి కాగితం గాలికి ఎగురుతుంది. పెళ్లి శుభలేఖ మందం ఉన్న అట్టముక్కల మీద ఒకవైపే, పెద్ద అక్షరాలతో, అట్టకు పది పన్నెండు వరుసలు రాసి మూలన అంకె వేసుకోండి. సంవత్సరాలను మాత్రం అంకెల్లో కాకుండా పలికే తీరులో ‘పంతొమ్మిది వందల ఇరవై ఒకటి’ అని రాసుకోండి, నాలుక తడబడదు. గడియారం పెట్టుకుని నిలబడి గట్టిగా చదవండి. మనసులో చదువుకుంటే సమయం ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

మైకు నోటికి జానెడు దూరంలో ఉంచాలి. కుయ్‌మంటే సౌండు బాక్సుకు ఎదురుగా నిలబడ్డారన్నమాట, దాని వెనక్కి జరగండి. అరిస్తే మోత పెరుగుతుంది తప్ప మాట తెలియదు.

ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే మీ ఐదు నిమిషాలు రెండవుతాయి. తీసేయడానికి వీలైన పేరా ఏదో ముందే ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంచుకోండి. తారీఖు, ఊరు ఉన్న పేరా జోలికి మాత్రం పోవద్దు.