పెద్ద వయసు పిల్లి ఇంటికొస్తే

మా చుక్కమ్మకి ఎనిమిదేళ్లు పైనే ఉంటాయని డాక్టరు పళ్లు చూసి చెప్పారు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికొచ్చిన రోజే మంచం కిందికి దూరింది. మూడు రోజులు దాని ముఖమే చూడలేదు. రాత్రిళ్లు మాత్రం గిన్నె ఖాళీ అయ్యేది.

బయటికి లాగొద్దండి. మొదట ఒక్క గది చాలు. ఒక మూల తిండి, నీళ్లు. దూరంగా ఇంకో మూల ఇసుక ట్రే. ముసలి కీళ్లు కదా, ట్రే అంచు తక్కువగా ఉండాలి. దాక్కోడానికి అట్టపెట్టెలో నా పాత నూలు చీర పరిచాను.

సాయంత్రాలు నేలమీద కూర్చుని, దాని వైపు చూడకుండా పితికిపప్పుకి అనపకాయలు ఒలిచేదాన్ని. చూపు కలిస్తే మెల్లగా కళ్లు మూసి తెరిచేదాన్ని. పదకొండో రోజు అదీ అలాగే మూసి తెరిచింది. నాకు ఏడుపొచ్చేసింది. ముందు వేలు వాసన చూడనివ్వండి, తర్వాత చెంప నిమరండి. పొట్ట జోలికి పోవద్దు.

ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఉల్లి, వెల్లుల్లి వాటికి విషం. 24 గంటలు ఏమీ ముట్టకపోతే వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి, పస్తుంటే పిల్లులకి కాలేయం దెబ్బతింటుంది.

గంగజాతర డప్పులు మోగిన రోజు కిటికీలు మూసి దాని పక్కనే కూర్చున్నాను. ఈసారి మంచం కిందికి పోలేదు, నా కొంగు కిందికి దూరింది.